డాక్టరు గది దాటితేనే ఊరికి ఆరోగ్యం: పటాన్‌చెరు కథ నుంచి కర్దనూర్ ఇళ్ళు తెలుసుకోవాల్సింది

డాక్టరంటే జ్వరం చూసి, చీటీ రాసిచ్చే మనిషి అనుకుంటాం. నర్సు అంటే సూది వేసే ఆపా. ఆశా వర్కర్ అంటే పోలియో చుక్కలకు పిల్లల్ని పిలుచుకుపోయే అక్క. డ్యూటీ కాకుండా వాళ్ళకు ఇంకేం ఇష్టమో మనం అడగం. ఒకరికి మొక్కలంటే ప్రాణం, ఒకరికి లెక్కలు, ఒకరికి కథలు, ఇంకొకరికి ఊరి చెరువు మీద బెంగ. అది వాళ్ళ సొంత విషయం, మనకేం పని అనిపిస్తుంది.

మన పటాన్‌చెరు చరిత్ర చూస్తే అలా అనుకోలేం. ఇక్కడి వాగుల సంగతి ప్రపంచానికి తెలిసిందంటే, అందులో ఒక స్థానిక డాక్టరు పట్టుదలకు పెద్ద పాత్ర ఉంది. ఆ పని ఆయన ఉద్యోగంలో భాగం కాదు, దానికి ఎవరూ ఫీజు కూడా ఇవ్వలేదు. ఆ కథ ఏమిటి, కర్దనూర్‌లాంటి ఊళ్ళో ఉండే మన కుటుంబాలకు దానితో ఏం సంబంధం, ఒక్కొక్కటిగా చూద్దాం.

వాగు వైపు చూసిన డాక్టరు

1970ల నుంచి పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు రావడం మొదలైంది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, ఇలా వరసగా పారిశ్రామిక వాడలు లేచాయి. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు వాటిలో ఎక్కువ. ఊళ్ళకు పని దొరికింది, నిజమే. దాంతోపాటు వాడేసిన నీళ్ళు ఇసకవాగులోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి.

పటాన్‌చెరులో ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టర్ అల్లాని కిషన్‌రావు మూడు దశాబ్దాలకు పైగా ఈ ఫ్యాక్టరీల చుట్టుపక్కల జనానికి వైద్యం చేశారు. రోగికి మందు రాసి పంపడంతో ఆయన ఆగలేదు. జబ్బుకూ ఊరి నీళ్ళకూ ఉన్న సంబంధం గురించి అడగడం మొదలుపెట్టారు. రైతులతో కలిసి ఉద్యమించారు, కోర్టు పోరాటానికి తోడుగా నిలబడ్డారు, బయటి నుంచి వచ్చిన విలేకరులకు పరిస్థితి వివరించారు. ఆయన్ని జనం ‘గ్రీన్ డాక్టర్’ అనడం ఊరికే రాలేదు.

పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో అది హైకోర్టుకు బదిలీ అయింది. తర్వాత నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కు చేరింది. ట్రిబ్యునల్ తీర్పు వచ్చేసరికి 2017 అయింది. అంటే 27 ఏళ్ళు. కేసు పడిన ఏడాది పుట్టిన పిల్లకు పెళ్ళై, తన పిల్లల్ని ఎత్తుకునే వయసు. ఇంతకాలం ఒక విషయాన్ని వదలకుండా పట్టుకోవాలంటే జీతం కోసమో పేరు కోసమో అయ్యే పని కాదు. లోపల నుంచి ఇష్టం ఉండాలి.

స్వీడన్ శాస్త్రవేత్తలకు దొరికిందేమిటి?

2007లో స్వీడన్‌కు చెందిన యోకిం లార్సన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల నుంచి వచ్చే మురికి నీటిని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉంది. అక్కడ శుద్ధి చేసి బయటికి వదిలే నీటిని వాళ్ళు పరీక్షించారు.

ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. మనం ‘సిప్రో’ అని మెడికల్ షాపులో అడిగే మందే ఇది. ఆ గోలీ వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మందు మోతాదు కన్నా వాగులోకి వదిలే నీళ్ళలోనే ఎక్కువ ఉందన్నమాట. ఒక్క రోజులో బయటికి పోయిన సిప్రో సుమారు 45 కిలోలని లెక్క తేలింది. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో అంత.

2009లో వచ్చిన మరో అధ్యయనంలో చుట్టుపక్కల చెరువులు, ఊళ్ళ బావులు చూశారు. పరీక్షించిన బావులన్నిటిలోనూ ఏదో ఒక మందు ఆనవాలు కనిపించింది. జలుబుకు వేసుకునే సెట్రిజిన్ కూడా అందులో ఉంది. బావుల్లో మోతాదు చాలా తక్కువ. కానీ ఎవరూ వేసుకోని మందు బావిలోకి ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న.

తర్వాత మార్పులూ వచ్చాయి. శుద్ధి కేంద్రం నీళ్ళను సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా హైదరాబాద్ మురుగు వ్యవస్థలో కలిపి, అంబర్‌పేట కేంద్రానికి పంపే ఏర్పాటు చేశారు. ఇసకవాగుకు కొంత ఊరట దొరికింది, భారం మూసీ వైపు మళ్ళింది. ఫ్యాక్టరీ నీళ్ళలో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో పరిమితి పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో ఆ పరిమితులు లేవు.

నీళ్ళలో మందు ఉంటే మంచిదే కదా?

కొందరు పెద్దవాళ్ళు నవ్వుతూ ఇలా అడుగుతారు. సమాధానం తెలుసుకోవాల్సిందే.

యాంటీబయాటిక్ పని సూక్ష్మక్రిములను చంపడం. నీళ్ళలో రోజూ ఆ మందు ఉంటే బలహీనమైన క్రిములు చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. మిగిలినవే పెరుగుతాయి. మందును తట్టుకునే గుణాన్ని ఒక రకం క్రిమి ఇంకో రకం క్రిమికి అందించగలదు కూడా. అలా వాగులో పుట్టిన మొండితనం మనిషిని జబ్బు చేసే క్రిమికి చేరొచ్చు. ఇక ఆ క్రిమితో జబ్బు చేసినప్పుడు డాక్టరు ఇచ్చే మామూలు గోలీ పనిచేయదు. ఖరీదైన ఇంజెక్షన్లు కావాలి, ఆస్పత్రిలో ఎక్కువ రోజులు పడుకోవాలి. ఒకప్పుడు టైఫాయిడ్‌కు సిప్రో ఇస్తే తగ్గేది. ఇప్పుడు మన దేశంలో చాలావరకు టైఫాయిడ్ క్రిములు దానికి లొంగడం లేదు.

దీనికి వాగు ఒక్కటే కారణం కాదు. ఇళ్ళలో మనం చేసేదీ కారణమే. రెండు గోలీలు వేసుకుని తగ్గిందని మిగతావి డబ్బాలో దాచడం, పోయినసారి అన్నకు రాసిన చీటీతో ఈసారి తమ్ముడికి మందు తేవడం, జలుబుకు కూడా యాంటీబయాటిక్ అడగడం. వాగు మన గడప ముందు నుంచి పారకపోయినా మొండి క్రిములు మనుషులతో, ఆస్పత్రులతో ఊరూరూ తిరుగుతాయి.

బేగంపేట దోమలు, హుసేన్ ఖాన్

డాక్టరు ఇష్టం జనానికి పనికొచ్చిన కథ మన దగ్గర ఇంకా పాతది ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమి ఆనవాళ్ళు కనిపెట్టారు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజు తన ఒళ్ళు అప్పగించిన హుసేన్ ఖాన్ పేరు మన పిల్లలకు కూడా తెలియాలి.

రాస్‌కు రెండు పిచ్చులు ఉండేవి, కవిత్వం, గణితం. దోమ కనిపించిన సంతోషంలో ఆయన కవిత రాసుకున్నారు. గణితం మాత్రం ఊళ్ళకు పనికొచ్చింది. మలేరియా పోవాలంటే ఊళ్ళో ఉన్న దోమలన్నీ చావాల్సిన పని లేదని, వాటి సంఖ్యను ఒక మేర కన్నా కిందికి తగ్గిస్తే చాలని ఆయన లెక్క వేసి చూపించారు. ‘అన్ని దోమలనూ ఎవరు చంపుతారు’ అని చేతులెత్తేసే వాళ్ళకు అది మంచి జవాబు. డ్రమ్ములో నిలవ నీళ్ళు వారానికోసారి పారబోయమని ఆశా అక్క చెప్పే మాట వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

తెలుగు నవలలు చదివే వాళ్ళకు డాక్టర్ కేశవరెడ్డి తెలుసు. ‘అతడు అడవిని జయించాడు’, ‘మునెమ్మ’ రాసిన ఆయన నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేశారు. జనం దూరంగా పెట్టిన రోగుల మధ్య ఏళ్ళు గడిపారు, ఎవరూ పట్టించుకోని పేదల బతుకులను కథలు చేశారు. మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం కథకుడికి ఎంత అవసరమో, కుష్ఠు డాక్టరుకూ అంతే అవసరం.

కర్దనూర్‌లో దీనికి చోటెక్కడ?

కర్దనూర్ పటాన్‌చెరు మండలంలోని ఊరు. చుట్టూ ఫ్యాక్టరీలు, దగ్గర్లో ఔటర్ రింగ్ రోడ్డు, కొత్త వెంచర్లు. షిఫ్టులకు పోయే తండ్రులు, అద్దె గదుల్లో బీహార్, ఒడిశా కూలీలు, ఇంట్లో దఖ్నీ, బయట తెలుగు మాట్లాడే మన కుటుంబాలు. ఇలాంటి చోట జబ్బుకు కారణం చాలాసార్లు ఇంటి బయట ఉంటుంది. పది నిమిషాల చూపులో డాక్టరుకు అది దొరకదు. ఊరిని గమనించే ఇష్టం ఉన్న ఆరోగ్య కార్యకర్తకు దొరుకుతుంది.

కానీ ఆ ఇష్టం బతకాలంటే టైం కావాలి, తోడు కావాలి. ఆశా వర్కర్లు, ఏఎన్ఎంలు రిజిస్టర్లు, సర్వేలు, యాప్‌లలో మునిగి ఉంటారు. మనం వాళ్ళను చుక్కల మందు రోజే గుర్తుచేసుకుంటాం. మస్జిద్ కమిటీలు, మహిళా సంఘాలు తలుచుకుంటే ఈ కొన్ని పనులు చేయొచ్చు.

ఒకటి, జుమా తర్వాత పది నిమిషాలు ఆరోగ్య కార్యకర్తకు ఇవ్వండి. ఆడవాళ్ళకు వేరే రోజు ఒక ఇంట్లో కూర్చోబెట్టండి. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చే అమ్మాయిని తోడు పంపండి. ‘సీనే మే జలన్’ అని దాదీ చెబితే అది కడుపు మంటో గుండె నొప్పో అడిగి తెలుసుకునే మనిషి పక్కన ఉండాలి.

రెండు, గల్లీలవారీగా ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ వారం ఎన్ని ఇళ్ళలో విరేచనాలు, దద్దుర్లు, దమ్ము వచ్చాయో అంకెలు మాత్రం రాయండి. పేర్లు వద్దు, ఎవరి జబ్బు వాళ్ళ పర్దా. ఒకే గల్లీలో లెక్క పెరిగితే పీహెచ్‌సీకి వెంటనే తెలియాలి.

మూడు, రాత్రిళ్ళు ఘాటు వాసన వచ్చినా, నీళ్ళ రంగు మారినా తేదీ, టైం, గాలి ఏ వైపు వీస్తోందో రాసుకుని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. ‘ఎప్పుడూ వాసనే’ అంటే ఎవరూ కదలరు. తేదీలు ఉన్న కాగితానికి జవాబు చెప్పక తప్పదు.

ఇంట్లో అమ్మీలు గుర్తుపెట్టుకోవాల్సినవి

తాగడానికి, వంటకు నల్లా నీళ్ళు వాడండి. ఫ్యాక్టరీల దగ్గరి బోరు నీళ్ళు పరీక్ష చేయించకుండా తాగొద్దు. నీళ్ళు మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ రసాయనాలు, మందుల ఆనవాళ్ళు పోవు. ఈ తేడా చాలామందికి తెలియదు.

యాంటీబయాటిక్ డాక్టరు చీటీ ఉంటేనే వాడండి, చెప్పినన్ని రోజులు వాడండి. మిగిలిన గోలీలు ఎవరికీ ఇవ్వొద్దు, మోరీలో పడేయొద్దు.

రంజాన్ నెలలో ఈ తప్పు ఎక్కువ జరుగుతుంది. రోజా ఉన్నామని మధ్యాహ్నం గోలీ మానేస్తారు, లేదా మూడు గోలీలూ ఇఫ్తార్ తర్వాత ఒకేసారి వేసుకుంటారు. రెండూ ప్రమాదమే. చీటీ రాసేటప్పుడే ‘డాక్టర్ సాబ్, నేను రోజా ఉంటాను’ అని చెప్పండి. సెహ్రీకి, ఇఫ్తార్‌కు సరిపోయేలా రోజుకు ఒకటి రెండుసార్లు వేసుకునే మందు ఉంటే రాస్తారు. అలా కుదరనంత జబ్బు ఉంటే, రోగికి రోజా తర్వాత కజా చేసుకునే సడలింపు దీన్‌లోనే ఉంది. మీ మౌలానాను అడిగి తెలుసుకోండి.

చివరగా ఒక చిన్న పని. ఈసారి ఆశా ఆపా ఇంటికి వస్తే చాయ్ ఇచ్చి కూర్చోబెట్టి, ‘మన ఊళ్ళో నీకు ఏ విషయం మీద బెంగ ఉంది?’ అని అడగండి. నీళ్ళంటుందో, ఆడపిల్లల రక్తహీనత అంటుందో, కూలీల పిల్లల టీకాలంటుందో వినండి. ఆమెకు దేని మీద మనసుందో తెలిస్తే, ఆ పనికి ఎవరెవరు తోడు పోవాలో మస్జిద్ కమిటీ కూర్చుని తేల్చుకోవచ్చు.