నేయి, కర్పూరము, క్లోరోఫారము



పదార్థముల స్థితులను గూర్చి నాలుగు మాటలు విన్నవింపుమని నన్ను కోరినారు. బడిపిల్లలు ఘనము, ద్రవము, వాయువు అని మూడు మాటలు వల్లించి యూరకుందురు. ఆ మూడు మాటల వెనుక మనుష్యుల ప్రాణములతో ముడివడిన కథ యొకటి కలదు. నేను నివసించు సికిందరాబాదునకు హుసేనుసాగరము కావలి యొడ్డున, హైదరాబాదు నగరమున నది నడచినది. దానికి ముందు మన యింటి వస్తువులనే చూతము.

నేతిగిన్నెను తీసికొనుడు. పుష్యమాసమున గడ్డకట్టి గరిటె దిగనీయదు. వైశాఖమున నూనెవలె పారును. నేయి మారలేదు, దాని స్థితియే మారినది. కర్పూరము మరియొక విచిత్రము. మా అవ్వ కర్పూరపు బిళ్లలను మూతలేని గిన్నెలో నుంచి, అవి నానాటికి చిక్కిపోవుట చూచి, పిల్లలమే యెత్తుకొని పోవుచున్నామని మమ్ము కోప్పడెడిది. కర్పూరము కరగి ద్రవము కాకయే, ఘనస్థితినుండి నేరుగా ఆవిరియై పోవును. అందులో మిరియపుగింజలు వేయు నాచారము కొన్ని యిండ్లలో కలదు; గట్టి మూత యంతకంటె మేలని నా యభిప్రాయము.

ద్రవము ఆవిరి యగుటకు మరగనక్కరలేదు. మట్టికూజాలోని నీరు చెమర్చి మెల్లమెల్లగా ఆవిరియగుచు, అందుకు వలయు వేడిమిని మిగిలిన నీటినుండియే లాగుకొనును. కూజానీరు చల్లనగుటకు కారణమిదియే. ఈ కూజాను జ్ఞాపకమున నుంచుకొనుడు. మరల దీనితో పని కలదు. మరగుట వేరు. దానికి గాలి యొత్తిడిని గెలువవలెను. సికిందరాబాదు సముద్రమట్టమునకు సుమారు 1,800 అడుగుల యెత్తున నున్నది, ఇచట గాలి యొత్తిడి కొంత తక్కువ. కావున బందరులో నీరు 100 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద మరగగా, ఇచట 98 వద్దనే మరగును.

స్థితి వేరు, ప్రావస్థ వేరు. గిన్నెలో నీటిపై నూనె పోసితిమా, రెండును ద్రవములే; స్థితి యొక్కటే. అయినను నడుమ నొక హద్దు కనబడుచున్నది. ఆ హద్దున కిరువైపుల నున్న వానిని రెండు ప్రావస్థ లందురు. ఉప్పు నీటిలో కరగిన పిదప హద్దు లేదు. అది యొకే ప్రావస్థ. పాలు కంటికి ఒకటిగా కనబడును గాని, సూక్ష్మదర్శినిలో చూచిన నీటి నడుమ వెన్నబిందువులు వేరుగ తేలుచుండును. అందుచేతనే కవ్వమునకు వెన్న దొరకుచున్నది. వాయువుల సంగతి వేరు. అవి ఎన్ని కలిసినను సాధారణముగ నొకే ప్రావస్థయై పోవును. హద్దు లేదు, పొర లేదు. ఏది యెంత పాలున్నదో కన్ను చెప్పజాలదు.

క్లోరోఫారమునందలి యపాయమంతయు నిందే కలదు. అది నీటికంటె ఒకటిన్నర రెట్లు బరువైన ద్రవము. నీటిలో పోసిన అడుగున వేరు పొరగా నిలుచును, అప్పుడు కనబడును. ఆవిరియై గాలిలో కలిసినచో కనబడదు. 1847లో ఎడింబరో వైద్యుడు సింసను దానితో రోగులకు స్మృతి తప్పించి, నొప్పి తెలియకుండ చికిత్స చేయ నారంభించెను. మూడు మాసములైన గడువకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండున హన్నా గ్రీనరు అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై దీనిని పీల్చి, కొలది నిమిషములలో మరణించెను. కాలిగోటికి ప్రాణమా యని లోకము నివ్వెరపోయెను.

జాన్ స్నో అను వైద్యుడు దీని మర్మమును పట్టుకొనెను. గాలిలో ఎంత యావిరి యిముడునో నిర్ణయించునది వేడిమి. 20 డిగ్రీల వద్ద గాలిలో ఐదవ వంతుకు కొంచెము పైగా క్లోరోఫారపు ఆవిరి నిండగలదు. 40 డిగ్రీల వద్ద దాదాపు సగము. రోగికి వలసినదో నూటికి ఐదు పాళ్ల ప్రాంతమే. అదే గుడ్డ, అవే చుక్కలు. లండనులో చలినాడు ఇచ్చునది యొకటి, మన వేసవి మధ్యాహ్నమున ఇచ్చునది మరియొకటి. 1862లో క్లోవరు అను వైద్యుడు పెద్ద సంచిలో నూటికి నాలుగున్నర పాళ్లుగా ముందే కలిపి యుంచి యిచ్చెను. అది తెలివైన పని.

హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ యీ లెక్కలను లక్ష్యపెట్టలేదు. క్లోరోఫారము మొదట ఊపిరినే ఆపును గాని గుండెను కాదు, కావున ఊపిరిని కనిపెట్టిన చాలునని యాయన పట్టు. 1888లో నిజాము ప్రభుత్వ పక్షమున ఒక సంఘ మేర్పడి, కుక్కలపై పరీక్షలు జరిపి, ఆ మాటయే సమర్థించెను. లండనులోని లాన్సెటు పత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబు ఆలీఖాను వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక తరపున లాడరు బ్రంటను అను పండితుని రప్పించెను. 1889లో రెండవ సంఘము కుక్కలపైనను కోతులు మొదలగు జంతువులపైనను పరీక్షించి, లారీ పక్షమునే నిలిచెను. ఒక సంస్థానపు ధనముతో ప్రపంచ వైద్యుల వివాదమును తీర్ప నుద్యమించుట చిన్న సంగతి కాదు. అయినను నిర్ణయము పొరపాటు. 1911లో గుడ్‌మను లీవీ, తక్కువ మోతాదులోనే గుండె గతి తప్పి హఠాత్తుగ నిలిచిపోగలదని పిల్లులయందు ప్రత్యక్షముగ చూపెను. ఊపిరిని కనిపెట్టుమను హితవు మంచిదే. అది సగము కాపలా మాత్రమే.

ఆ కాలముననే హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారమిచ్చు పనిని చేపట్టినది రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ వైద్యురాలు. లోకమున నీ పనిని వృత్తిగా చేపట్టిన తొలి స్త్రీలలో నామె నెన్నుదురు. తరువాత నామె ఎడింబరో వెళ్లి చదివినది శరీరశాస్త్రము కాదు. భౌతిక, రసాయన శాస్త్రములు. మత్తు నిచ్చువారికి ద్రవము, ఆవిరి, గాలి వీని నడవడి తెలియవలెనని యామె గ్రహించినది. లారీ కంటె నామెయే విషయమూలమును చేరినదని నాకు తోచును.

నేడు శస్త్రచికిత్సకు క్లోరోఫారమును వాడుట లేదు. 1956లో హాలోథేను వచ్చినది. దాని తరువాత మరికొన్ని. అవియు త్వరగా ఆవిరియగు ద్రవములే. కావున వాని నుంచు పాత్రను బరువైన లోహముతో చేయుదురు. ద్రవము ఆవిరియగుచు మన కూజానీటివలె తాను చల్లబడును. చల్లబడిన కొలది ఆవిరి తగ్గును. దట్టమైన లోహము తన వేడిమి నిచ్చి ఆ లోటును పూడ్చును. అదియు చాలనపుడు, రెండు లోహముల నతికించిన రేకొకటి చలికి వంగి, ఆ ద్రవముమీదుగ పోవు గాలిపాలును పెంచును. గది వేడెక్కెనా, ఇటు వంగి తగ్గించును.