జబ్బు గుట్టుకు గొలుసు తాళం

గుంటూరు మిర్చి యార్డులో ఎన్ని టిక్కీలు దిగాయి, క్వింటా ఎంతకు పోయింది... ఈ లెక్క రైతు చేతి చీటీలోనూ ఉంటుంది, కమీషన్ ఏజెంటు చిట్టాలోనూ ఉంటుంది. ఒకరు అంకె దిద్దితే రెండోవారి కాగితం పట్టిస్తుంది. బ్లాక్‌చెయిన్ అనగానే కంగారు పడక్కర్లేదు. దాని మూలసూత్రమూ అదే. ఒకే లెక్క చాలామంది దగ్గర ఉంటుంది. పైగా ప్రతి పేజీ మీదా కిందటి పేజీ ముద్ర పడుతుంది. ఒక్క పేజీ మార్చినా తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి.

దీంతో ఆసుపత్రికి పనేమిటి?

పత్తి చేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన కూలీ కేస్ షీటు, నెలనెలా ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లి హెచ్ఐవీ మందులు తెచ్చుకునే ఇల్లాలి వివరాలు... ఊరికి తెలిస్తే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి, పని దొరకదు. హెచ్ఐవీ బాధితుల గుట్టు కాపాడాలని 2017లో చట్టమే చేశారు. అయితే చట్టం హ్యాకర్‌ని ఆపదుగా!

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది చూడండి. అయిదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి ఎవరో తాళం వేసేశారు. దేశంలోని పెద్దాసుపత్రుల్లో ఒకటి కాస్తా ఓపీ చీటీలు మళ్లీ చేత్తో రాసుకోవాల్సి వచ్చింది.

బుల్లి దేశం ఎస్టోనియా ఈ బెడద ముందే చూసింది. 2007లో అక్కడి బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ వెబ్‌సైట్ల మీద సైబర్ దాడులు జరిగాయి. 2016లో పౌరుల ఆరోగ్య రికార్డుల భద్రతకు గార్డ్‌టైమ్ అనే సంస్థ తయారుచేసిన బ్లాక్‌చెయిన్ పద్ధతిని ఎంచుకుంది. రిపోర్టులను గొలుసులో పెట్టరు. వాటి 'వేలిముద్ర' మాత్రమే పెడతారు. ఇలాంటి ముద్రలు తయారుచేసే పద్ధతుల్లో ఎస్‌హెచ్ఏ-256 ఒకటి. ఎంత లావు ఫైలునైనా అది 64 అక్షరాలూ అంకెల వరసగా మార్చేస్తుంది. రిపోర్టులో ఒక్క కామా మారినా వరసంతా మారిపోతుంది. తన రికార్డును ఏ డాక్టరు తెరిచి చూశాడో అక్కడి రోగి ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు.

మనకూ ఈ మాట కొత్తకాదు. భూమి రికార్డుల కోసం 2017లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీడన్ సంస్థ క్రోమావేతో చేయి కలిపింది. పొలం గట్టుకిచ్చిన విలువ రోగి గుట్టుకెప్పుడో!

అలాగని ఇది సర్వరోగ నివారిణేం కాదు. రికార్డును ఎవరైనా దిద్దితే గొలుసు చెబుతుంది. దొంగ ఫైలును కాపీ చేసుకుపోతే ఆపలేదు. ఎయిమ్స్‌లోలా తాళం వేస్తే తెరవనూ లేదు. దానికి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా వేరేచోట దాచిన బ్యాకప్పే దిక్కు. పాస్‌వర్డును చీటీ మీద రాసి కంప్యూటరుకే అంటించే చోట ఏ గొలుసైనా ఏం చేస్తుంది?

మన దగ్గర 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన డిజిటల్ ఆరోగ్య పథకంలో 14 అంకెల 'ఆభా' నంబరు ఇస్తున్నారు. రికార్డులన్నీ ఒకే గాదెలో పోయరు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రిలోనే ఉంటాయి. నంబరు తీసుకోవడం మన ఇష్టం. ఏ రికార్డు, ఎవరికి, ఎన్నాళ్లు చూపించాలో సమ్మతి ఇచ్చేటప్పుడే ఎంచుకోవచ్చు. వద్దనుకుంటే తర్వాత రద్దు చేసుకోవచ్చు.