గృహ సముద్రజల అక్వేరియంలో చిన్న సొరలు: శరీరధర్మం, పెంపకపు పరిమితులు

ఉపోద్ఘాతం

అద్దాల తొట్టిలో చేపలను పెంచడం తెలుగు పట్టణాలకు కొత్త విషయం కాదు. గోల్డ్‌ఫిష్, గప్పీ, ఏంజెల్ వంటి మంచినీటి చేపలు మధ్యతరగతి ఇళ్లలో చాలాకాలంగా కనిపిస్తున్నవే. ఉప్పునీటి అక్వేరియం మాత్రం వ్యయప్రయాసలతో కూడినది కనుక కొద్దిమందికే పరిమితమైంది. లండన్ జంతు ప్రదర్శనశాలలో 1853లో మత్స్యశాల ప్రారంభం కావడం, ఆ మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రచన ‘ది అక్వేరియం’ వెలువడడం పాశ్చాత్య దేశాలలో ఈ అభిరుచికి ఊపునిచ్చాయి. సముద్రపు తొట్టి నిలుపుకోగలిగిన వారిలో కొందరి దృష్టి నేడు సొర మీదికి మళ్లుతున్నది. ఏ సొర తొట్టిలో బతుకుతుంది, ఏది బతకదు, అందుకు దాని శరీర నిర్మాణంలో ఉన్న కారణాలేమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

పేరులోని చిక్కు

అక్వేరియం దుకాణాలలో ‘షార్క్’ అన్న పేరుతో అమ్మే చేపలలో అధికభాగం సొరలు కావు. బాలా షార్క్, రెడ్‌టెయిల్ షార్క్ అనేవి రెండూ మన బొచ్చె, రోహుల కుటుంబానికి చెందిన మంచినీటి చేపలు. నిక్కిన వీపురెక్కను చూసి వర్తకులు వాటికి ఆ పేరు తగిలించారు. ఇరిడెసెంట్ షార్క్ సంగతి మరింత ఆసక్తికరం. మెకాంగ్ నదీ ప్రాంతం నుంచి వచ్చిన ఈ చేప పిల్లగా ఉన్నప్పుడు గాజుతొట్టిలో వెండిలా మెరుస్తుంది. ఆంధ్రప్రదేశ్ చెరువులలో రైతులు ‘పంగస్’ పేరుతో పెంచి ఎగుమతి చేసేదీ అదే. అది వాలుగ జాతుల వర్గానికి చెందినది. మీటరుకు మించి ఎదుగుతుంది. ఒకే జీవి చెరువుగట్టున కిలోల లెక్కన తూగే పంగస్‌గానూ దుకాణంలో షార్క్‌గానూ చలామణి అవుతున్నది.

తెలుగులో ‘సొర’ అన్న మాటకు ఈ అస్పష్టత లేదు. తమిళంలోని ‘సురా’కు జ్ఞాతిపదమైన ఈ మాటను తీరప్రాంత మత్స్యకారులు అసలైన సొరకే వాడతారు. అందువల్ల ఈ వ్యాసంలో ఎముకలకు బదులు మృదులాస్థి అస్థిపంజరం, తల పక్కన తెరిచి ఉండే మొప్పచీలికలు కలిగిన జీవికి మాత్రమే ‘సొర’ అన్న వ్యవహారం పాటించబడింది.

చిన్నదైతే చాలునా?

డిగ్రీ జంతుశాస్త్రం చదివిన వారికి స్కోలియోడాన్ సుపరిచితం. ప్రయోగశాల బల్లమీద ఎన్నో తరాల విద్యార్థులు కోసి చూసిన సొర అది. మీటరు కూడా పెరగదు. పరిమాణమే ప్రమాణమైతే తొట్టికి అది అనువైనదే కావాలి. అయితే అది విశాలజలాలలో ఈదుతూ బతికే కుటుంబానికి చెందినది. అటువంటి సొరలలో అనేకం ముందుకు సాగుతున్నప్పుడు నోటిలోకి వచ్చి మొప్పల మీదుగా పోయే నీటి నుంచే ప్రాణవాయువును గ్రహిస్తాయి. తొట్టిమూలలో ఆగవలసి వస్తే వాటికి ఊపిరే కష్టమవుతుంది. తెల్లసొర విషయంలో పెద్ద సంస్థలకు కూడా దశాబ్దాల పాటు వైఫల్యమే ఎదురైంది. కాలిఫోర్నియాలోని మాంటెరే బే అక్వేరియం సుమారు 38 లక్షల లీటర్ల తొట్టిలో 2004లో ఒక పిల్ల తెల్లసొరను ఉంచి, 198 రోజుల తరువాత సముద్రంలో విడిచిపెట్టింది. అప్పటికి అదే అపూర్వ విజయం.

నేలను అంటిపెట్టుకుని జీవించే సొరల తీరు వేరు. ఇవి నోటి కండరాలతో నీటిని లోపలికి లాగి మొప్పల మీదుగా బయటికి పంపగలవు. కంటి వెనుక ఉండే శ్వాసరంధ్రం కూడా ఇందుకు తోడ్పడుతుంది. పగలు రాతి సందుల్లో కదలక పడుకుని, రాత్రివేళ పురుగులను, పీతలను, చిన్నచేపలను వెతుక్కుంటాయి. గృహ అక్వేరియంలో మనగలిగేవి ఈ కోవకు చెందినవే. తెల్లచుక్కల బాంబూ సొర సుమారు 95 సెంటీమీటర్లు పెరుగుతుంది. గోధుమపట్టీల బాంబూ సొర మీటరు దాటుతుంది. కోరల్ క్యాట్ షార్క్ 70 సెంటీమీటర్ల దాపున ఆగుతుంది. ఆస్ట్రేలియా పగడపు దిబ్బలలోని ఎపాలెట్ సొర కూడా మీటరుకు కాస్త ఎక్కువే. వీటి దగ్గరి బంధువైన గ్రే బాంబూ సొర భారత తీరజలాలలోనూ ఉన్నది. ట్రాల్ వలలలో ఇతర చేపలతో కలిసి చిక్కుతుంది.

నేలవాసి అయినంత మాత్రాన ప్రతి సొరా ఇంటికి తగదు. నర్స్ షార్క్ పిల్ల అరచేతిలో పట్టేంత ముద్దుగా ఉండి, పెరిగి సుమారు 3 మీటర్లవుతుంది. కాలిఫోర్నియా హార్న్ షార్క్‌కు చల్లని నీరు కావాలి. పగడపు తొట్టి వెచ్చదనంలో అది కొంతకాలం తిని తిరిగినా క్రమంగా క్షీణిస్తుంది. ఆహారం తీసుకోవడాన్నే ఆరోగ్యానికి గుర్తుగా భావించే పెంపకందారులు ఇక్కడే మోసపోతారు.

తొట్టి కొలతలు

బాంబూ సొరకు లోతు కంటే నేల విస్తీర్ణం ముఖ్యం. పూర్తిగా పెరిగిన సొర వంగకుండా తిరగాలంటే తొట్టి వెడల్పు దాని పొడవుకు సమానంగానైనా ఉండాలి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల నీటిమట్టం గల తొట్టిని లెక్కకు తీసుకుంటే అందులో సుమారు 1,800 లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు 35 గ్రాముల వంతున 63 కిలోల సముద్రలవణ మిశ్రమం కావాలి. ఒక్కసారి ఐదోవంతు నీరు మారిస్తే మరో 12 కిలోలకు పైగా ఖర్చవుతుంది. అద్దం, ఇసుక, రాళ్లు, ఇనుప చట్రం బరువు విడిచి నీటి బరువొక్కటే చూసినా అది చదరపు మీటరుకు 600 కిలోలు దాటుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాసగృహపు గదుల నేలకు లెక్కించే చరభారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. ఈ పోలికను బట్టి, అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఇటువంటి తొట్టి గురించి ఆలోచించేవారు చేపల దుకాణం కంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును కలవడం అవసరమని తేలుతుంది.

అమర్చే విధానంలోనూ సొర స్వభావాన్ని గమనించాలి. అది ఇసుకను తవ్వుతుంది కనుక రాళ్లను ఇసుక మీద కాక అడుగు అద్దం మీదే ఆనించాలి, లేకుంటే కూలి దాని మీదే పడతాయి. పదునైన పగడపు ముక్కలు పొట్టను గీరుతాయి కాబట్టి సన్నని ఇసుక మేలు. గాజు హీటరును తొట్టిలో కాక కింది వడపోత పెట్టెలో ఉంచాలి. మూత బిగువుగా ఉండాలి.

నీరు, యూరియా, రాగి

సొర దేహం సముద్రంతో నడిపే లావాదేవీ ఇతర చేపలదానికి భిన్నమైనది. ఎముకల చేప శరీరద్రవం సముద్రం కంటే పలుచన. అందువల్ల దాని ఒంటిలోని నీరు బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి అది ఉప్పునీరు తాగి, ఉప్పును మొప్పల ద్వారా వెళ్లగొడుతుంది. ఇతర జీవులు విసర్జించే యూరియాను సొర రక్తంలోనే నిలుపుకుంటుంది. దానితో దాని శరీరద్రవం గాఢత సముద్రజలంతో సమానంగానో, కొంచెం ఎక్కువగానో ఉండి నీరు తనంతట తాను లోపలికి చేరుతుంది. మోతాదు మించిన యూరియా మాంసకృత్తులను చెడగొట్టాలి. ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే మరో పదార్థం ఆ హానిని అడ్డుకుంటుంది. అదనపు ఉప్పును పేగు చివర ఉండే గ్రంథి విసర్జిస్తుంది. హోమర్ స్మిత్ 1936లో ఈ యూరియా వ్యవస్థను సమగ్రంగా సమీక్షించాడు. తీరప్రాంతపు వంటిళ్లకు దీని పర్యవసానం శాస్త్రం కంటే ముందే తెలుసు. సొర నిల్వ ఉంటే ఘాటైన వాసన కొడుతుంది. యూరియా విచ్ఛిన్నమై అమ్మోనియా కావడమే దానికి కారణం. సొరపిట్టుకు తాజా సొర కోసం పట్టుబట్టడం అందుకే.

ఈ ఏర్పాటు వల్ల నీటి సాంద్రతలో ఆకస్మిక మార్పును సొర సహించలేదు. తొట్టినుంచి నీరు ఆవిరవుతుంది, ఉప్పు ఆవిరి కాదు. అందుచేత తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధజలమే చేర్చాలి. సాపేక్ష సాంద్రత 1.023–1.025 మధ్య నిలకడగా ఉండాలి. మాంసాహారి కావడంతో సొర విసర్జించే నత్రజని వ్యర్థం అధికం. అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. అంతకుముందే సొరను వదలడం దాన్ని చంపుకోవడమే. చివర మిగిలే నైట్రేటు అంత హానికరం కాదన్న నమ్మకం పెంపకందారులలో ఉండేది. అది థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అందకుండా అడ్డుపడి గళగండానికి దారితీస్తుందని తెల్లచుక్కల బాంబూ సొరలపై జరిగిన పరిశోధనలోనే తేలింది. గొంతు కింద ఉబ్బును చూసి సొర బలిసిందని మురిసిన సందర్భాలు లేకపోలేదు.

సముద్రపు చేపలకు తెల్లమచ్చల తెగులు వస్తే రాగి లవణాలతో చికిత్స చేయడం వాడుక. సొరలకు రాగి విషతుల్యం. అందువల్ల ఇతర చేపలకు మందు వేయవలసివస్తే వాటిని వేరే తొట్టికి మార్చాలి. వేసవిలో మరో సమస్య ఎదురవుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది, అదే వేళ సొరకు దాని అవసరం పెరుగుతుంది. తెలుగు నేల ఎండలలో నీటిని 24–26 డిగ్రీల మధ్య ఉంచాలంటే చిల్లరుతో పాటు, కరెంటు పోయినప్పుడు పంపు ఆగకుండా ఇన్వర్టరు కూడా తప్పనిసరి. ఎపాలెట్ సొర ఇందుకు మినహాయింపుగా చెప్పబడుతూ ఉంటుంది. ఆటుపోట్ల గుంటలలో రాత్రివేళ ప్రాణవాయువు దాదాపు లేని నీటిలోనూ అది తట్టుకోగలదు. రెక్కలతో నేలమీద నడిచి మరో గుంటకు చేరగలదు. అయితే అది కొన్ని గంటల ఆటుకు అలవడిన ఓర్పు, సంవత్సరాల నిర్లక్ష్యానికి కాదు.

విద్యుత్ జ్ఞానం

సొర ముక్కు చుట్టూ జిగురుతో నిండిన సన్నని నాళాల రంధ్రాలు కనిపిస్తాయి. స్టెఫానో లొరెంజీని 1678లో వీటిని వర్ణించాడు. ఇవి విద్యుత్తును పసిగడతాయన్న సంగతి 20వ శతాబ్దంలో గాని రుజువు కాలేదు. ఇసుకలో దాగిన చేప కండరాల నుంచి వెలువడే అతిసూక్ష్మ విద్యుత్ క్షేత్రాన్ని సొర వీటితోనే కనిపెడుతుంది. గుడ్డులోని పిండానికీ ఈ శక్తి ఉన్నది. శత్రుజీవిని పోలిన విద్యుత్ క్షేత్రం సమీపిస్తే గోధుమపట్టీల బాంబూ సొర పిండం మొప్పల కదలికను ఆపి స్తంభించిపోతుందని 2013లో ప్రకటితమైన ప్రయోగం చూపింది. ఇటువంటి జీవిని పంపులు, హీటర్లు, తుప్పుపట్టే లోహపు బిగింపుల నడుమ ఉంచుతున్నామన్న ఎరుక పెంపకందారుకు ఉండాలి. లోపమున్న పరికరం నుంచి ఉప్పునీటిలోకి కారే విద్యుత్తు ఇతర చేపల కంటే సొరను ఎక్కువగా కలవరపెట్టగలదు.

ఆహారం గురించి చెప్పవలసింది తక్కువ. కంటాలు, రొయ్యలు వంటి సముద్రాహారాన్ని వారానికి రెండు మూడు సార్లు, దీపం ఆర్పిన తరువాత పొడవాటి పటకారుతో అందిస్తే సరిపోతుంది. గడ్డకట్టించిన ఆహారంలో నశించే విటమిన్లను విడిగా చేర్చాలి.

గుడ్డు నుంచి వార్ధక్యం వరకు

బాంబూ సొర పిల్లలను కనదు, తోలుసంచి వంటి గుడ్డు పెడుతుంది. వ్యాపారంలో చాలా సొరలు ఇళ్లకు చేరేది ఈ గుడ్డు రూపంలోనే. చీకటిలో టార్చి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే పసుపు సొనకు వేలాడుతూ కదిలే పిండం కనిపిస్తుంది. నాలుగైదు నెలలకు జానెడైనా లేని చారల పిల్ల బయటికి వస్తుంది. పొట్టలో మిగిలిన సొన వల్ల మొదటి కొద్దిరోజులు అది ఆహారం ముట్టదు.

ఆడసొర ఒంటరిగా ఉంటే గుడ్లు ఫలించవని అనుకోవడానికీ వీలులేదు. అమెరికాలో డెట్రాయిట్ నగరపు బెల్ ఐల్ అక్వేరియంలో మగతోడు లేని తెల్లచుక్కల బాంబూ సొర గుడ్ల నుంచి 2002లో పిల్లలు వెలువడ్డాయి. కాలిఫోర్నియాలోని స్టైన్‌హార్ట్ అక్వేరియంలో మగసొరతో సంపర్కం తెగి 45 నెలలైన గోధుమపట్టీల బాంబూ సొర, దాచుకున్న శుక్రకణాలతో పిల్లను పొందినట్లు 2015లో వెల్లడైంది. ఒకే సొర కొన్నానని నిశ్చింతగా ఉన్న ఇంటికి ఇవి చిన్న విషయాలు కావు.

బాంబూ సొర బందీగా 25 ఏళ్ల వరకు జీవించగలదు. కొన్న వ్యక్తి చదువు, ఉద్యోగం, బదిలీ, కొత్త ఇల్లు అన్నీ ఆ వ్యవధిలోనే జరుగుతాయి. తొట్టికి మించి ఎదిగిన సొరను ప్రదర్శనశాలలు స్వీకరిస్తాయన్న ఆశతో కొనడం సాధారణమైన పొరపాటు. వాటికీ స్థలం పరిమితం, రోగాలు సోకుతాయన్న భయమూ ఉంటుంది. సముద్రంలో వదిలేయడం దయగా కనిపించవచ్చు. వేరే సముద్రపు జాతిని, తొట్టిలో అంటుకున్న పరాన్నజీవులతో సహా స్థానిక జలాలలో చేర్చడమే అది. ఇండో-పసిఫిక్ ప్రాంతపు లయన్‌ఫిష్ 1985లో ఫ్లోరిడా తీరంలో తొలిసారి కనిపించింది. అక్వేరియంల నుంచి విడిచిపెట్టడమే దాని రాకకు కారణమై ఉంటుందని శాస్త్రజ్ఞులు ఎక్కువగా భావిస్తున్నారు. ఇప్పుడది పశ్చిమ అట్లాంటిక్, కరీబియన్ దిబ్బలన్నిటా వ్యాపించి అక్కడి చిన్నచేపలను తింటున్నది.