మీకు తెలుసా? పెళ్లిలో ఎగరేసే సీతాకోకచిలుకలు కొరియర్‌లో వస్తాయి
అమెరికాలో కొన్ని పెళ్లిళ్లలో దంపతుల మీద బియ్యం చల్లే బదులు మోనార్క్ సీతాకోకచిలుకలను ఎగరేస్తారు. అవి తోటలోంచి వచ్చినవి కావు. ఫారాల్లో పెంచి, రెక్కలు ముడిచి, ఒక్కోదాన్నీ చిన్న కాగితపు కవరులో పెట్టి, కదలకుండా ఐస్ ప్యాక్‌ల చల్లదనంలో రాత్రికి రాత్రే పంపుతారు. ఒంటికి వెచ్చదనం తగలనిదే ఇవి ఎగరలేవు. మబ్బు పట్టిన చలిరోజున కవరు విప్పితే గాల్లోకి లేవడానికి బదులు గడ్డిమీద పడతాయి. ఫొటోగ్రాఫర్ కెమెరా అటు తిప్పడనుకోండి!

వదిలితే సంఖ్య పెరుగుతుంది కదా అని పెంపకందార్లు అంటారు. కానీ మోనార్క్‌లు తగ్గడానికి ఒక ముఖ్య కారణం, వాటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ (మన జిల్లేడు కుటుంబపు మొక్కే) కలుపుమందుల దెబ్బకు పొలాల్లోంచి మాయమవడం. మేత లేనిచోట సీతాకోకలను పెంచి వదిలి ఏం లాభం? పైగా కిక్కిరిసిన పెంపకంలో ఓఈ అనే పరాన్నజీవి తేలిగ్గా వ్యాపిస్తుంది. 2019లో వెలువడిన ఒక పరిశోధనలోనైతే ఫారం మోనార్క్‌ల సంతతి వలసకాలంలో తాము వెళ్లాల్సిన దక్షిణ దిక్కు పట్టలేకపోయింది. వీటిని రాష్ట్రం దాటించడానికి అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి తప్పనిసరే, అయితే ఆ కాగితం వాటిని దారి తప్పకుండా ఆపదు. కాబట్టి వదలకపోవడమే మేలు. ఆ డబ్బుతో అతిథుల చేతిలో స్థానిక మిల్క్‌వీడ్ విత్తనాల పొట్లం పెట్టండి.