మరలివచ్చు రాకెట్లు

దీపావళినాడు మనము కాల్చు తారాజువ్వకును, శ్రీహరికోటనుండి ఉపగ్రహములను గొనిపోవు రాకెట్టునకును మూలసూత్రమొక్కటియే. మంట క్రిందికి వెడలును. దాని ప్రతిఘాతముచే జువ్వ పైకి లేచును. ఈ రెంటికిని చిరకాలము మఱియొక పోలికయు నుండెను. కాలిన జువ్వను మరునాడు వెదకి తెచ్చి మరల కాల్చువాడు లేడు. రాకెట్టును నట్లే సముద్రమున పడుటయో, గాలి రాపిడిచే కాలిపోవుటయో జరుగుచుండెను. ఇందులో ఇంధనపు ఖర్చు స్వల్పము. విలువైన ఇంజనులును, లోహపు తొట్లును ఒక్క పయనముతో నశించుటయే అసలు వ్యయము. ఊరికి పోయివచ్చిన ప్రతిపర్యాయమును బండిని తగులబెట్టి క్రొత్తదానిని చేయించువాడు ఎంత బాడుగ అడుగవలసియుండునో మీరే యోచింపుడు.

ఈ నష్టమును మాన్పవలెనను తలంపు క్రొత్తది కాదు. అమెరికా ప్రభుత్వపు అంతరిక్షసంస్థయగు నాసా 1981లో స్పేస్ షటిల్ అను రెక్కల వాహనమును పంపి, విమానమువలె నేలకు దింపినది. అట్టి వాహనములైదు, 2011 వఱకు, మొత్తము 135 పర్యాయములు బయలుదేరినవి. అయినను ఖర్చు తగ్గలేదు. వేడిని ఓర్చుటకై వాహనమునకు అంటించిన పలకలు 20,000కు పైగా నుండెను. తిరిగివచ్చిన ప్రతిసారియు వానిని మనుష్యులు పరీక్షింపవలెను. ఇంజనులను ఊడదీసి చూడవలెను. పెద్ద ఇంధనపు తొట్టి యెట్లును నశించుచునే యుండెను. ఏటికి పదులకొలది ప్రయాణములు జరుగునని తొలుత ఆశించిరి. 1985లో జరిగిన తొమ్మిదికి మించి ఏ యేటను జరుగలేదు. ప్రాణనష్టమును కలిగినది. 2003లో కొలంబియా బయలుదేరినపుడు తొట్టినుండి ఊడిన నురుగుముక్క యొకటి ఎడమరెక్క అంచును తాకి రంధ్రము చేసెను. ఫిబ్రవరి 1న దిగివచ్చుచుండగా ఆ రంధ్రమున వేడిగాలి దూరి వాహనము ముక్కలయ్యెను. మరణించిన ఏడుగురిలో హర్యానాలోని కర్నాలున పుట్టిన కల్పనా చావ్లా యొకతె.

మరలివచ్చుట వేఱు, వచ్చినది తడవు చేయక మరల బయలుదేరగలుగుట వేఱు. ఈ రెండవదానిని సాధించినది ప్రభుత్వము గాదు, ఒక వర్తకసంస్థ. ఎలాన్ మస్క్ 2002లో స్థాపించిన స్పేస్ ఎక్స్ కంపెనీ ఇతరుల ఉపగ్రహములను బాడుగకు గొనిపోవును. దాని రాకెట్టు పేరు ఫాల్కన్ 9. ఎత్తు 70 మీటర్లు. క్రిందిభాగముననున్న 9 ఇంజనులు కిరసనాయిలును, మిక్కిలి చల్లార్చి ద్రవముగా చేసిన ఆమ్లజనిని కలిపి మండించును. బయలుదేరిన సుమారు రెండున్నర నిమిషములకు పైభాగము విడివడి ముందుకు సాగును. అప్పుడు క్రిందిభాగము, గంటకు వేలకొలది కిలోమీటర్ల వేగముననుండియే, ఇంజనులు ముందువైపునకు వచ్చునట్లు తిరుగును. వానిలో కొన్నిటిని మరల వెలిగించి, ఆ మంటతోనే తన వేగమును అణచుకొనును. జాలివంటి నాలుగు రెక్కలు దారి సరిచేయును. తుదిని నాలుగు కాళ్లు విచ్చుకొనును. ఇందులకు వలయు ఇంధనమును ముందే మిగుల్చుకొనవలెను గనుక, ఆ మేరకు మోయు బరువు తగ్గును.

అసలు చిక్కు తుదిక్షణమున నున్నది. అప్పటికి ఇంధనము చాలవఱకు అయిపోయి క్రిందిభాగము తేలికయై యుండును. ఒక్క ఇంజనునే యెంత తగ్గించి మండించినను దాని త్రోపు ఈ బరువును మించును. కాబట్టి డేగవలె గాలిలో నిలిచి, చోటు చూచుకొని మెల్లగా వ్రాలుటకు వీలులేదు. వేగము సున్న యగుటయు, కాళ్లు నేలనానుటయు ఒక్కసారియే జరుగవలెను. ఇంజను ముందుగా వెలిగినచో నేలకు చేరకయే మరల పైకి లేచును. ఆలసించినచో నేలను గ్రుద్దుకొనును. ఈ లెక్కనంతయు లోపలి కంప్యూటరు తానే చేసికొనును.

2015 జనవరిలో సముద్రముమీది పడవపై దింపబోగా రెక్కలను కదలించు ద్రవము చాలక అది పడవను గ్రుద్దుకొనెను. ఏప్రిలులో కాళ్లూనియు ఒరిగి కూలెను. ఆ యేటి డిసెంబరు 21 రాత్రి ఫ్లారిడా తీరమున నిలువుగా దిగి నిలిచినది. 2017 మార్చిలో, అంతకుమునుపొకసారి పోయివచ్చిన క్రిందిభాగముతోనే మఱియొక ఉపగ్రహమును పంపిరి. 2025 నాటికి ఒకే క్రిందిభాగము 30 పర్యాయములు పోయివచ్చినది. పైభాగము మాత్రము ప్రతిసారియు నశించుచున్నది.

లాభమంతయు బాడుగ యిచ్చువారికే చేరినదని తలపరాదు. 2016లో ఈ రాకెట్టునకు కంపెనీ ప్రకటించిన ధర 6 కోట్ల 20 లక్షల డాలర్లు. 2022లో అది 6 కోట్ల 70 లక్షలు. రూకవిలువ తగ్గుటను లెక్కించినను, వర్తకుడు తన ఖర్చు తగ్గినంతగా ధర తగ్గింపలేదనుట స్పష్టము. మిగిలిన బలముతో కంపెనీవారు తమ సొంత ఉపగ్రహములనే వేలకొలదిగా పంపుకొనిరి. ఆకసమున నొక్క కంపెనీకింత ఆస్తి యుండుట మంచిదా యను ప్రశ్న నాకు కలదు. అయినను 2025 జూన్ 25న మన శుభాంశు శుక్లా అంతరిక్షకేంద్రమునకు ఎక్కిపోయిన రాకెట్టును ఇదియే.

మన ఇస్రోవారు రెక్కల వాహనపు త్రోవను పట్టిరి. 2023 ఏప్రిల్ 2న కర్ణాటకలోని చిత్రదుర్గమువద్ద హెలికాప్టరు నమూనావాహనమును నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తునకు గొనిపోయి విడిచెను. అది నడపువాడు లేకయే రన్‌వేపై దిగెను. 2024లో మఱి రెండుసార్లు దింపిరి. ఆ నమూనా భూమిని చుట్టి వచ్చినది కాదు. దిగుటను మాత్రమే పరీక్షించిరి.