కండకు కళ్లెం తెంచింది ఎవరి కోసం?

పశువుకు కండ ఎలా పడుతుంది? ఊళ్లు తిరిగేటప్పుడు మేము ఈ మాట ఏ కూలీల వాడలో అడిగినా ఒకటే జవాబు: తవుడు, చిట్టు, పచ్చిగడ్డి. మేత లేనిదే కండ లేదు, నిజమే. కాని ఒకే పాకలో, ఒకే మేత తిన్న రెండు దూడల్లో ఒకటి దిట్టంగా, ఒకటి బక్కగా ఎదగడం మనమంతా చూసిందే. పెద్దలు దాన్ని జాతి గుణం అన్నారు. ఆ గుణం ఎక్కడుందో సైన్సు వెతికి పట్టింది.

కండ అంటే సన్నని పోగుల కట్ట, మోకు లాంటిది. అందులో ఎన్ని పోగులుండాలో దూడ తల్లి కడుపులో ఉండగానే దాదాపు ఖాయమైపోతుంది. పుట్టాక మేత వల్ల ఆ పోగులు లావెక్కుతాయి, అంతే. కండ మితిమీరకుండా ఒళ్లే తనకు తాను కళ్లెం వేసుకుంటుంది. ఆ కళ్లెం పేరు మయోస్టాటిన్. అదొక మాంసకృత్తి. దాన్ని తయారుచేయించేది ఒక జన్యువు. 1997లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో ఆ జన్యువు పనిచేయకుండా చేస్తే, కండ రెండు మూడు రెట్లు పెరిగింది.

బెల్జియం దేశపు 'బెల్జియన్ బ్లూ' పశువుల్లో ఈ కళ్లెం తనంతట తానే తెగింది. ఆ జన్యువు లిపిలో 11 అక్షరాలు రాలిపోయాయని అదే 1997లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ తెగిన కళ్లెమే వస్తే దూడకు సుమారు 20 శాతం ఎక్కువ కండ. జన్యువు సంగతి తెలియక మునుపే అక్కడి పెంపకందారులు మాంసం ధర కోసం అలాంటి ఆంబోతులనే ఏరి దాటించారు.

ఫలితమేమిటి? దూడ తొడలు లావు, తల్లి ఈనే దారి ఇరుకు. ఆ జాతిలో నూటికి 90కి పైగా ఆవులకు కడుపు కోసి దూడను తీస్తున్నారు. ఒంటికి తగ్గ గుండె, ఊపిరితిత్తులు లేక ఆ పశువు ఎండకు, శ్రమకు త్వరగా డస్సిపోతుంది. లాభం మాంసం వ్యాపారానిది, కోత ఆవుది!

ఇందులో సైన్సు తప్పేమీ లేదు. ఏ గుణం కావాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న. మన తాత ముత్తాతలు ఒంగోలు జాతిని నాగలికి, బండికి ఏరి పెంచారు. అదే జాతిని బ్రెజిల్ పట్టుకుపోయి 'నెలోర్' పేరుతో మాంసానికి పెంచుతోంది. పశువు ఒకటే, అవసరం వేరు.

ఒక్క ఆవు మీద ఆధారపడ్డ కూలి కుటుంబం ఈతకొక కోత భరించగలదా? కనుక పశువుల ఆసుపత్రికి ఏ కొత్త జాతి వీర్యం వచ్చినా మనం నిలదీసి అడగాలి: దూడ తేలిగ్గా పుడుతుందా? మన ఎండకు ఆగుతుందా? మన మేతతో బతుకుతుందా?

కండ పోగులు కడుపులోనే ఖాయమవుతాయని మరువరాదు. చూడి పశువును మాడిస్తే దూడ కండకే దెబ్బ. చూడి పశువు నోటికి మేత అందాలంటే ఊరి పచ్చిక బీళ్లు ఊరికే ఉండాలి. వాటిని కాపాడుకోవడమూ పశుపోషణలో భాగమే.