నిలిచి ఉన్న బంతిని కొట్టడం అంత కష్టమా?

కర్రాబిళ్ళ ఆడనివాళ్ళు మనలో ఎవరుంటారు? కొన్ని ఊళ్ళలో దీన్నే బిళ్ళంగోడు అంటారు. తెలంగాణలో చిర్రగోనె అంటారు. పేరేదైనా ఆటలోని కష్టం ఒకటే. గాలిలోకి లేచిన బిళ్ళను అది కిందపడేలోగా కొట్టాలి. క్రికెట్టులో బంతి మన మీదికే దూసుకువస్తుంది. బాడ్మింటన్‌లో షటిల్ ఎటునుంచి వస్తుందో చివరిదాకా తెలియదు. ఈ ఆటలన్నిటిలోనూ కొట్టవలసిన వస్తువు కదులుతూనే ఉంటుంది.

గోల్ఫ్ ఆటలో మాత్రం బంతి కదలదు. గడ్డిమీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది. మనల్ని తొందరపెట్టేవారు కూడా ఎవరూ ఉండరు. ఇంతకంటె సుళువైన ఆట ఉంటుందా అనిపిస్తుంది. కాని మొదటిసారి గోల్ఫ్ కర్ర చేతబట్టినవాడు ఒంట్లోని బలమంతా పెట్టి కొడితే ఏమవుతుందో తెలుసా? కర్ర గాలిని కోసుకుంటూ పోతుంది. బంతి ఉన్నచోటే ఉంటుంది! రెండోసారి కర్ర నేలను తవ్వి మట్టి లేపుతుంది. మూడోసారి బంతి నెత్తిన తగిలి, అది నాలుగు గజాలు దొర్లి ఆగిపోతుంది. చూసేవాళ్ళు నవ్వుతారు.

లోపం ఎక్కడుంది? బలంలోనా? కాదు. చాలాసార్లు లోపం కర్ర ఎత్తకముందే జరిగిపోతుంది. ఆటగాడు నిలబడిన తీరులో, బంతిని ఉంచుకున్న చోటులో ఉంటుంది. ఇందులో మీరు తరగతిలో చదువుకునే గరిమనాభి ఉంది, వృత్తం ఉంది, పైథాగరస్ సిద్ధాంతం కూడా ఉంది. అదెలాగో చూద్దాం.

ఆట పుట్టిల్లు

గోల్ఫ్ స్కాట్లండ్ దేశపు ఆట. యువకులు విలువిద్య అభ్యాసం మానేసి ఈ ఆట వెంట పడుతున్నారని 1457లో అక్కడి పార్లమెంటు దీన్ని నిషేధించింది. అయినా ఆట ఆగలేదు. 1744లో ఎడింబరో దగ్గరి లీత్‌లో 13 నియమాలు రాసుకున్నారు. మన దేశంలో కలకత్తాలో 1829లోనే గోల్ఫ్ క్లబ్ ఏర్పడింది. హైదరాబాదులో గోల్కొండ కోటను ఆనుకుని ఉన్న నయాకిలాలో ఒక గోల్ఫ్ మైదానం ఉంది.

ఆట సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. దూరాన 108 మిల్లీమీటర్ల వెడల్పుగల ఒక గుంట ఉంటుంది. వీలైనంత తక్కువ దెబ్బలతో బంతిని ఆ గుంటలో పడవేయాలి. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బరువు 45.93 గ్రాములకు మించకూడదు. ఆటగాడు 14 కర్రలదాకా వెంట తీసుకువెళ్ళవచ్చు. వీటిని క్లబ్బులంటారు. అన్నిటికంటె పొడవైన క్లబ్బు ‘డ్రైవరు’. ఇది బండి తోలేవాడు కాదు, బంతిని చాలా దూరం తోలేది! మధ్యరకం ఇనుప క్లబ్బులను ‘ఐరన్లు’ అంటారు. పొట్టిగా ఉండి, ముఖం బాగా వాలుగా ఉండేవి ‘వెడ్జ్’లు. బంతిని నేలకు కొంచెం ఎత్తులో నిలిపే చిన్న మేకులాంటి పుడక పేరు ‘టీ’.

దిద్దుకునే వ్యవధి ఏదీ?

మంచి ఆటగాడు క్లబ్బును వెనక్కి ఎత్తి కిందికి దింపడం మొదలుపెట్టాక, అది బంతిని చేరడానికి పట్టే కాలం సుమారు పావు సెకను. మనిషి ఒక పొరపాటును గుర్తించి, చేతిని కదిలించడానికే సుమారు 0.2 సెకను పడుతుంది. అంటే కర్ర దిగుతుండగా ‘అయ్యో, తప్పుతోందే’ అని తెలిసినా దిద్దుకునే వ్యవధి దాదాపు ఉండదు.

ఇంకో చిత్రం వినండి. అనుభవజ్ఞుడు కొట్టినప్పుడు క్లబ్బు తల సెకనుకు 50 మీటర్ల వేగంతో వస్తుంది. బంతి సెకనుకు సుమారు 70 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. క్లబ్బూ బంతీ ఒకదానినొకటి తాకి ఉండే కాలం సెకనులో దాదాపు రెండువేలవ వంతు మాత్రమే! తగిలిన స్పర్శ చేతుల నుంచి మెదడుకు చేరేలోగా బంతి మీటరుకు పైగా వెళ్ళిపోయి ఉంటుంది.

అందుకే గోల్ఫ్‌లో ఆలోచించవలసిందంతా కర్ర ఎత్తకముందే ఆలోచించాలి. బంతి నిలిచి ఉండటం మనకు దొరికిన వరం. ఆ వరాన్ని వాడుకునే పద్ధతే సరిగా నిలబడటం.

పాదాల మధ్య ఎంత ఎడం?

గొడ్డలితో కట్టెలు కొట్టేవాణ్ణి గమనించండి. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కొట్టడు. కుదుపులతో పోయే బస్సులో నిలబడినప్పుడు మనకు తెలియకుండానే కాళ్ళు ఎడంగా పెడతాం. ఎందుకు? మన గరిమనాభి నుంచి కిందికి గీసిన నిలువు గీత రెండు పాదాలూ ఆక్రమించిన చోటు దాటి పోకూడదు. దాటితే పడిపోతాం. ఆ చోటు ఎంత విశాలమైతే నిలకడ అంత ఎక్కువ.

అలాగని కాళ్ళు మరీ ఎడంగా చాపితే నడుము తిరగదు. గోల్ఫ్‌లో వేగమంతా శరీరం తిరగడంలోనే పుడుతుంది. నిలకడ కావాలి, తిరగడమూ కావాలి. ఈ రెంటికీ మధ్య రాజీయే సరైన ఎడం. పొడవైన డ్రైవరు పట్టినప్పుడు రెండు మడమల మధ్య దూరం సుమారు భుజాల వెడల్పు ఉండాలి. క్లబ్బు పొట్టిదైనకొద్దీ పాదాలు దగ్గరికి జరగాలి. చిన్న దెబ్బకు అంత వేగం అక్కరలేదు కదా!

పేరుమోసిన అమెరికా ఆటగాడు బెన్ హోగన్ 1957లో రాసిన పుస్తకంలో ఒక కిటుకు చెప్పాడు. కుడి పాదం గురి గీతకు లంబంగా ఉండాలి. ఎడమ పాదం వేళ్ళను మాత్రం కొంచెం గురివైపు తిప్పి ఉంచాలి. దెబ్బ కొట్టాక శరీరం ఆవైపు తిరగడానికి దారి దొరుకుతుంది. (ఇక్కడ చెప్పేవన్నీ కుడిచేతివాటం వారికి. ఎడమచేతివాటం వారు అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి.)

గోడ నేర్పే పాఠం

ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి. మడమలూ పిరుదులూ గోడకు ఆనించి నిలబడండి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళను తాకడానికి ప్రయత్నించండి. ముందుకు తూలిపోతారు! గోడ లేనిచోట ఇదే పని చేస్తే చాలామంది పడిపోరు. తల ముందుకు పోతున్నకొద్దీ పిరుదులు వెనక్కి జరిగి, గరిమనాభిని పాదాల మీదనే ఉంచుతాయి. గోడ ఆ వెసులుబాటును అడ్డుకుంది.

గోల్ఫ్ ఆటగాడు వంగవలసింది కూడా ఇలాగే. వెన్ను గూనిగా వంచకూడదు. వెన్ను తిన్నగా ఉంచి, తుంటి దగ్గర వంగాలి. పిరుదులు కొంచెం వెనక్కి పోవాలి. మోకాళ్ళు బిగించకుండా కొద్దిగా సడలించాలి. బరువు మడమల మీదా వేళ్ళ కొసల మీదా కాక, పాదం మధ్యలో పడాలి. గూనిగా వంగి బలంగా తిరిగితే నడుము పట్టేసే ప్రమాదం కూడా ఉంది.

అప్పుడు చేతులు భుజాల నుంచి వేలాడే తాళ్ళలా వదులుగా దిగుతాయి. ఆ చేతులతో క్లబ్బు పట్టుకుని, దాని అడుగు నేలమీద సమంగా ఆనిస్తే తల ఎక్కడ ఉంటుందో, అంత దూరంలోనే బంతి ఉండాలి. క్లబ్బు పొడవైతే బంతి దూరం, పొట్టిదైతే దగ్గర. కొత్తవాళ్ళు ముందు బంతిని చూసి, దాన్ని అందుకోవడానికి చేతులు చాపుతారు. బంతికోసం మనం వంగకూడదు. మనం సరిగా నిలబడి, బంతికి చోటు నిర్ణయించాలి.

రైలు పట్టాలు

రైలు పట్టాలు రెండూ సమాంతరంగా ఉంటాయి కదా! బంతి నుంచి గురిదాకా ఒక పట్టా ఉందనుకోండి. మీ కాలివేళ్ళు, మోకాళ్ళు, తుంటి, భుజాలు ఇవన్నీ రెండో పట్టామీద ఉండాలి. చాలామంది తమ పాదాలనే గురివైపు పెడతారు. అప్పుడు రెండు గీతలూ సమాంతరంగా ఉండవు. నిజానికి భుజాల గీత గురికి కాస్త ఎడమగా పోవాలి. రెండు కర్రలు నేలమీద పరిచి నిలబడితే ఈ పొరపాటు తెలిసిపోతుంది.

ఇది చిన్న విషయమనుకోకండి. బంతి ఒకే ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరితే, 200 మీటర్లు వెళ్ళేసరికి సుమారు మూడున్నర మీటర్లు తప్పిపోతుంది. గుంట వెడల్పు 11 సెంటీమీటర్లయినా లేదు!

బంతి ఎక్కడ? పైథాగరస్‌ను అడుగుదాం

ఇక అసలు ప్రశ్న. రెండు పాదాల మధ్య బంతి ఎటువైపు ఉండాలి?

క్లబ్బు తల దాదాపు వృత్తంలో తిరుగుతుంది. ఆ వృత్తానికి ఒక అట్టడుగు బిందువు ఉంటుంది. చేయీ క్లబ్బూ ఎడమ భుజం చుట్టూ తిరుగుతాయి గనక, ఆ బిందువు పాదాలకు నట్టనడుమ ఉండదు. ఎడమ భుజానికి సుమారుగా కింద ఉంటుంది.

చేయి, క్లబ్బు కలిసి వ్యాసార్ధం 150 సెంటీమీటర్లు అనుకుందాం. క్లబ్బు బంతికి 25 సెంటీమీటర్లు వెనకనే నేలను తాకిందనుకుందాం. బంతి దగ్గరికి వచ్చేసరికి అది ఎంత పైకి లేస్తుంది? లంబకోణ త్రిభుజం గీయండి. కర్ణం 150. ఒక భుజం 25. రెండో భుజం వర్గం 22,500 - 625 = 21,875. దాని వర్గమూలం సుమారు 147.9. అంటే క్లబ్బు 2.1 సెంటీమీటర్లు పైకి లేచింది. బంతి వ్యాసార్ధం కూడా సుమారు 2.1 సెంటీమీటర్లే! క్లబ్బు అంచు సరిగ్గా బంతి నడుము మీద తగులుతుంది. బంతి లేవదు, నేలబారుగా పరుగెడుతుంది. నిజానికి ఆ వృత్తం ఏటవాలుగా ఉంటుంది కనుక ఎత్తు కొంత తగ్గుతుంది. కాని సంగతి అర్థమైంది కదా! ఒక జానెడు తేడా ఆటంతా చెడగొడుతుంది.

అందుకే ఒక్కొక్క క్లబ్బుకు బంతి ఒక్కొక్క చోట ఉంటుంది. వెడ్జ్‌కు దాదాపు పాదాల నడుమ. మధ్యరకం ఐరన్లకు నడిమికి కొంచెం ఎడమగా. ఇక్కడ క్లబ్బు దిగుతూ ముందు బంతిని, తరువాత నేలను తాకుతుంది. డ్రైవరుకు మాత్రం బంతి ఎడమ మడమకు ఎదురుగా, టీ మీద ఉంటుంది. క్లబ్బు అట్టడుగు బిందువు దాటి పైకి లేస్తూ బంతిని కొడుతుంది.

క్లబ్బు ముఖం వాలుగా ఉండటం వల్ల బంతి వెనక్కి గిర్రున తిరుగుతూ లేస్తుంది. ఈ తిరగడం వల్లనే గాలి బంతిని పైకి మోస్తుందని ఎడింబరో భౌతిక శాస్త్రవేత్త పీటర్ గత్రీ టెయిట్ 1890ల్లో వివరించాడు. ఆయన కొడుకు ఫ్రెడీ టెయిట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ పోటీలో విజేత కావడం విశేషం.

దుమ్ములో గీత

మీ అట్టడుగు బిందువు ఎక్కడుందో తెలుసుకోవడానికి గోల్ఫ్ క్లబ్బు అక్కరలేదు. దుమ్ముగానో ఇసుకగానో ఉన్న నేలమీద ఒక గీత గీయండి. ఆ గీత మీ పాదాల నడుమకు వచ్చేలా నిలబడండి. ఒక పొడవైన కర్ర రెండు చేతులా పట్టుకుని, నేలను రాచేలా నెమ్మదిగా ఊపండి. ముందుగా చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకోండి. ఇది మరవవద్దు. పదిసార్లు ఊపి, కర్ర దుమ్మును ఎక్కడ తాకిందో గుర్తులు పెట్టండి. గుర్తులన్నీ ఒకేచోట పడితే మీ నిలకడ బాగున్నట్టే. చెల్లాచెదురుగా పడితే పాదాలూ వంగిన తీరూ మరోసారి చూసుకోండి.

చంద్రుడి మీద ఏమైంది?

1971 ఫిబ్రవరి 6న అపోలో-14 వ్యోమగామి అలన్ షెపర్డ్ చంద్రుడి మీద రెండు గోల్ఫ్ బంతులు కొట్టాడు. మట్టి నమూనాలు తీసే పరికరపు పిడికి ఒక ఐరన్ క్లబ్బు తల తగిలించాడు. అక్కడ గురుత్వం భూమి మీదికంటె ఆరోవంతే. అడ్డుకోవడానికి గాలి లేదు. బంతి ఎంతో దూరం పోవాలి. కాని బిగుసుకున్న రోదసి దుస్తుల్లో ఆయన సరిగా వంగలేకపోయాడు. రెండు చేతులతో కర్ర ఊపలేకపోయాడు. ఒంటిచేత్తోనే కొట్టాడు. యాభై ఏళ్ళ తరువాత, 2021లో, పాత చిత్రాలను పరిశీలించి దూరాలు లెక్కకట్టారు. మొదటి బంతి సుమారు 22 మీటర్లు, రెండోది సుమారు 37 మీటర్లు వెళ్ళాయి. అంతే!

చంద్రుడే సాయపడినా, నిలబడే తీరు కుదరకపోతే బంతి దూరం పోలేదు. మన నేలమీద మనకు రెండు చేతులూ ఉన్నాయి, వంగడానికి వీలూ ఉంది. ఇక కావలసింది కాస్త ఓపిక.

చివరగా మీకో లెక్క. పైన చెప్పిన ఆటగాడి క్లబ్బు 25 సెంటీమీటర్లు కాక, 30 సెంటీమీటర్లు వెనక నేలను తాకితే బంతి దగ్గర ఎంత ఎత్తు లేస్తుంది? అప్పుడు బంతి ఏమవుతుంది? కాగితం, పెన్సిలు తీసుకోండి!